నాలుగు మీదే తిరిగే ఫ్యాన్

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. నేను హాస్టల్ రూములో ఇంటర్నల్స్‌కి చదువుతున్నాను. అంటే పుస్తకం తెరిచి కూర్చున్నాను.

"బిడ్డా, నువ్వు కరెంటే చదువుతున్నవు గదా, ఒకటి చెప్పు. కారులో ఏసీ ఫ్యాను ఒకటి మీద పెడితే తిరుగుతలేదు. రెండు మీద లేదు, మూడు మీద లేదు. నాలుగు మీద పెడితే మాత్రం హోరుమని తిరుగుతుంది. ఏమై ఉంటది?"

నేను ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం. ఓమ్స్ లా, కిర్కాఫ్స్ లా, డీసీ మోటార్ల స్పీడ్ కంట్రోల్, అన్నీ రాసి పాసయ్యాను. మోటార్ల ల్యాబులో నాకు మంచి మార్కులే వచ్చాయి. నాన్న అడిగిన దానికి రెండు సెకన్లు కూడా ఆలోచించకుండా "మోటారు వీక్ అయ్యుంటది నాన్నా" అన్నాను.

ఆ ఒక్క మాట ఖరీదు ఐదు వేల ఐదు వందలు. నేను కట్టలేదు, ఆయన కట్టాడు.

మాది మేళ్లచెరువు. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. చుట్టూ సున్నపురాయి, అందుకే చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరప్పుడు మా ఊరి పేరు నాలుగు జిల్లాల్లో వినబడుతుంది, మిగతా రోజుల్లో సిమెంటు బస్తా మీద చదువుతారు. మా ఊరి దారుల పక్కన చెట్లకు రెండు రంగులుంటాయి: వానకు ముందు బూడిద రంగు, వాన పడ్డాక పచ్చ రంగు. నాన్న ఆ దారుల మీద సెకండ్ హ్యాండ్ కారు కిరాయికి తిప్పుతాడు. కోదాడ, ఖమ్మం, విజయవాడ, హైదరాబాద్. పెళ్లిళ్లు, జాతర గిరాకీ పోను ఎక్కువగా ఆసుపత్రి కిరాయిలే. మేలో మా దగ్గర 45 డిగ్రీలు దాటిన రోజులు కూడా ఉంటాయి. అప్పుడు కారులో ఏసీ సౌఖ్యం కాదు, ఆసుపత్రి నుంచి వచ్చే మనిషికి అది మందులో భాగం.

సరే, నాన్న కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. "మా అమ్మాయి ఇంజనీరింగ్, మోటారు పోయిందంటుంది" అని గర్వంగా చెప్పాడట. మెకానిక్ కూడా అదే అన్నాడట. గ్లవ్ బాక్స్ ఊడదీసి పాత బ్లోయర్ మోటారు తీసి కొత్తది వేశాడు. స్విచ్ ఒకటి మీద పెట్టారు. తిరగలేదు. రెండు, లేదు. మూడు, లేదు. నాలుగు మీద పెడితే హోరు. కొత్త మోటారు గదా, ఇంకాస్త గట్టిగా.

"అన్నా, స్విచ్ కూడా పోయినట్టుంది, మారుద్దామా?" అన్నాడట మెకానిక్. అప్పటికి నాన్న దగ్గర డబ్బులైపోయాయి కాబట్టి స్విచ్ బతికిపోయింది.

ఆ వారమంతా నాన్న నాలుగు మీదే నడిపాడు. విజయవాడలో డయాలసిస్ చేయించుకుని వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. ఫ్యాను నాలుగు మీద పెడితే ఆ గాలికి ఆయనకు వణుకు. ఆపేసి అద్దాలు దించితే హైవే మీద వడగాలి. ఐదు నిమిషాలు వేసి, పది నిమిషాలు ఆపి, మళ్లీ వేసి, అట్లా తీసుకొచ్చాడు నాన్న. పెద్దాయన ఏమీ అనలేదట. తడి తువ్వాలు నెత్తి మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడట. నాన్న నాకిది ఫోన్‌లో చెప్తున్నప్పుడు మోటారు సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు బాగుండేది.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నేనూ నాన్నా కలిసి కోదాడలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాం. వయసు అరవై పైనే ఉంటుంది. బోర్డు కూడా సరిగ్గా లేని షెడ్డు. ఆయన కారు దగ్గరికి రాలేదు. కుర్చీలోంచి లేవకుండానే మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఏ నంబర్ మీద తిరుగుతుంది?"

"నాలుగు మీద."

"ఒక్కసారే పోయిందా, ఒక్కో నంబరే పోతూ వచ్చిందా?"

"మూడూ ఒక్కసారే."

"ఏసీ ఫిల్టర్ ఎప్పుడు మార్చినవ్?"

నాన్న నా వంక చూశాడు. కారులో ఏసీకి ఫిల్టర్ ఉంటుందని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

"రెసిస్టర్" అన్నాడు పెద్దాయన. అప్పుడు లేచాడు.

గ్లవ్ బాక్స్ కింద చేయి పెట్టి రెండు స్క్రూలు తిప్పి అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద ముక్క ఒకటి బయటికి తీశాడు. ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద మూడు తీగ చుట్టలు, మధ్యలో చిన్న థర్మల్ ఫ్యూజు. ఆ ఫ్యూజు తెగి ఉంది. దానికి వచ్చే కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది.

"నువ్వేం చదువుతున్నవమ్మా?" అని అడిగాడు నన్ను.

"ఇంజనీరింగ్" అన్నాను. ఏ బ్రాంచో చెప్పలేదు.

ఇప్పుడు ఇది చదువుతున్న మీలో సగం మందికి విషయం అర్థమై ఉంటుంది, ఎందుకంటే ఇది మన సెకండియర్ సిలబస్. మాన్యువల్ నాబ్ ఉన్న మామూలు కార్లలో ఫ్యాను స్పీడు తగ్గించడానికి మోటారుకు వరుసలో రెసిస్టెన్స్ పెడతారు. నాలుగు మీద పెడితే కరెంటు రెసిస్టర్ జోలికి పోకుండా నేరుగా మోటారుకు వెళ్తుంది, పూర్తి 12 వోల్టులు. మూడు మీద ఒక చుట్ట గుండా వెళ్తుంది, రెండు మీద రెండు చుట్టలు, ఒకటి మీద మూడూ. ఆ మూడు దారులకూ ఉమ్మడిగా ఒక థర్మల్ ఫ్యూజు. అది తెగితే ఒకటి, రెండు, మూడు ఒక్కసారే పోతాయి, నాలుగు మిగులుతుంది. పెద్దాయన రెండో ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు షెడ్డులో నిలబడ్డప్పుడు తెలిసింది. ఒకటి మాత్రమే పోయి మిగతావి తిరుగుతుంటే చివరి చుట్ట తెగినట్టు. మూడూ ఒక్కసారే పోతే అందరికీ ఉమ్మడి అయినది తెగినట్టు.

ఇంకో సంగతి. నాలుగు మీద హోరుమని తిరిగే మోటారు బాగున్న మోటారు. ఇది చెప్పడానికి ఇంజనీరింగ్ కూడా అక్కర్లేదు. మా అమ్మకు మిక్సీ అనుభవం చాలు. నాన్న ఫోన్‌లో అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది, ఆయన నాలుగు నంబర్లూ విడివిడిగా తిప్పి చూసి మరీ చెప్పాడు. నేను వినలేదు. "ఫ్యాను పనిచేయట్లేదు" అని మాత్రం విన్నాను. ఫ్యాను అంటే మోటారు, కాబట్టి మోటారు పోయింది. ఇది నా మూడేళ్ల చదువు.

పెద్దాయన అక్కడితో ఆగలేదు. కొత్త రెసిస్టర్ చేతిలో పట్టుకుని కూడా బిగించలేదు. గ్లవ్ బాక్స్ వెనక ఒక సన్నని మూత తీసి ఏసీ ఫిల్టర్ లాగాడు. నేను చూసిన ఫిల్టర్ బొమ్మలన్నీ తెల్లగా, మడతలు మడతలుగా ఉంటాయి. ఇది బూడిద రంగు అట్ట. మడతల మధ్య సందులు కనిపించలేదు. నేల మీద తడితే చిన్న మబ్బు లేచింది. "ఇది మీ ఊరే" అన్నాడు నవ్వుతూ.

ఫిల్టరుకూ రెసిస్టరుకూ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఆ రెసిస్టర్ ఎక్కడ పెడతారో చూస్తే తెలుస్తుంది: బ్లోయర్ తోసే గాలి దారిలోనే. ఎందుకంటే అది వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచేది ఆ ఫ్యాను గాలే. ఎంత వేడి? ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఒకటి మీద పెట్టినప్పుడు వరుసలో 2 ఓములు ఉన్నాయి, 4 ఆంపియర్లు పారుతున్నాయి. రెసిస్టర్ దగ్గర 8 వోల్టులు పడిపోయి మోటారుకు 4 మిగులుతాయి. ఐ స్క్వేర్ ఆర్, అంటే 32 వాట్లు, వేడిగా పోతున్నాయి. మన ల్యాబులో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే డ్యాష్‌బోర్డు వెనక మన సోల్డరింగ్ ఐరన్ కన్నా పెద్దది ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంది, దాని మీద గాలి కొడుతోంది కాబట్టి సరిపోతోంది. ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆగితే? థర్మల్ ఫ్యూజు తన పని తాను చేస్తుంది, తెగుతుంది. దాని వల్లే డ్యాష్‌బోర్డు కాలకుండా ఉంటుంది.

కాబట్టి కొత్త రెసిస్టర్ వేసి ఫిల్టర్ మార్చకపోతే కొన్ని నెలల్లో అదీ పోతుంది. మోటారు బుష్షులు అరిగి బిగుసుకుపోయినా అంతే, ఎక్కువ కరెంటు లాగి రెసిస్టర్‌ను, కప్లర్‌ను కాలుస్తుంది. పోయిన వస్తువు ఒకటి, పోగొట్టిన వస్తువు ఇంకొకటి. మా కారులో పోయింది రెసిస్టర్, పోగొట్టింది దుమ్ము, మార్చింది మోటారు.

రెసిస్టర్ ఆరు వందలు. ఫిల్టర్ మూడు వందలు. కప్లర్ పిన్ను కత్తిరించి కొత్తది వేసినందుకు వంద. అంతా అయ్యాక పెద్దాయన "చూసినందుకు రెండు వందలు" అన్నాడు.

నాన్న మొహం మారింది. "చూసినందుకు డబ్బులేంది పెద్దాయనా? సామానుకు ఇస్తున్న గదా, బిగించినందుకూ ఇస్తున్న."

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండు వందల గురించే.

ముందటి మెకానిక్‌కు ఐదు వేల ఐదు వందలు ఇచ్చినప్పుడు నాన్న ఒక్క మాట అనలేదు. ఎందుకంటే చేతిలో కొత్త మోటారు ఉంది, పాత మోటారు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. కళ్ల ముందు వస్తువు కనిపించింది. తప్పు పనికి అంత ఇచ్చిన మనిషి, తప్పు ఎక్కడుందో కనిపెట్టిన మనిషికి రెండు వందలు ఇవ్వడానికి బాధపడ్డాడు. మా నాన్న పిసినారి కాదు. మనమందరం అంతే. మన ఊళ్లల్లో మెకానిక్‌కు సామాను మీద నాలుగు రూపాయలు మిగులుతాయి, బిగించినందుకు కూలి వస్తుంది, ఆలోచించినందుకు ఏమీ రాదు. గంటసేపు టెస్ట్ లాంపు పట్టుకుని వైరు వైరు చూసి "ఎర్త్ లూజుగా ఉందన్నా, బిగించాను" అన్న మెకానిక్‌కు టీ డబ్బులిస్తాం. "ఇంత చిన్న పనికా" అని కూడా అంటాం. అదే గంటలో మోటారు మార్చినవాడికి వేలు ఇస్తాం. అలాంటప్పుడు ఎవరైనా ఎందుకు వెతుకుతారు? మార్చేస్తారు.

కాబట్టి మా ముందటి మెకానిక్‌ను నేను దొంగ అనను. అతను మోసం చేయాలనుకోలేదు, నాలాగే ఆలోచించలేదు. ఇద్దరిలో నాదే పెద్ద తప్పు. అతనికి ఎవరూ ఓమ్స్ లా నేర్పలేదు. నాకు నేర్పారు, దానికి ఫీజు కూడా కట్టారు. ఆ ఫీజులో కొంత ఈ కారు కిరాయిలదే.

మన ల్యాబుల సంగతికి వస్తాను. మోటార్ల ల్యాబులో ఇప్పటిదాకా ఒక్కసారైనా పాడైపోయిన మోటారు ముందు నన్ను నిలబెట్టలేదు. కనెక్షన్లు ఇవ్వడం, ఆన్ చేయడం, రీడింగులు రాయడం, గ్రాఫు గీయడం. రీడింగు తేడా వస్తే పక్క బ్యాచ్ దగ్గర చూసి సరిచేయడం (మీరు చేయలేదా?). కిట్ పనిచేయకపోతే "సార్, ఈ కిట్ పనిచేయట్లేదు" అంటాం, ఇంకో కిట్ ఇస్తారు, పాడైన కిట్ స్టోర్ రూముకు పోతుంది. ఆలోచిస్తే నిజమైన ల్యాబు ఆ స్టోర్ రూములో ఉంది. తాళం వేసి పెట్టారు. పరీక్షల్లోనూ అంతే, విలువలన్నీ ప్రశ్నలోనే ఇచ్చి కరెంటు కనుక్కోమంటారు. బయట కారు మనకు విలువలు ఇవ్వదు. "నాలుగు మీద తిరుగుతుంది, మూడు మీద తిరగదు" అంటుంది, అంతే.

సిలబస్ పూర్తవడమే కష్టంగా ఉంటే పాడైన వస్తువులతో ఆడుకోవడానికి టైమెక్కడిది అని ఒక సీనియర్ నాతో వాదించాడు. అతని మాటలో నిజముంది. కానీ సెమిస్టర్‌కు ఒక్క ల్యాబు క్లాసు చాలు. బాగున్న కిట్‌లో సారే కావాలని ఒక తప్పు పెట్టాలి. ఒక వైరు పీకాలి, ఒక ఫ్యూజు కాల్చాలి. రెండు గంటల్లో ఎక్కడుందో కనుక్కోవాలి. మార్కులు కనుక్కున్నందుకు కాదు, ఏ వరుసలో వెతికారో రాసినందుకు. నా ప్రకారం అది పది ప్రయోగాలకు సమానం.

ఇప్పుడు ఇంతకీ మీ ఇంట్లో కారు ఉంటే, మీకూ నాన్న ఫోన్ వస్తుంది కాబట్టి, నేను ఆ తర్వాత నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. ఏ నంబర్ మీదా తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, తర్వాత ఎర్త్, ఆ తర్వాతే మోటారు. ఫ్యూజు పదే పదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి, రాగి తీగ చుట్టడం అసలే వద్దు. అది మోటారు బిగుసుకుపోయిందనో, వైరు ఎక్కడో బాడీకి తగులుతోందనో చెప్తోంది, దాని నోరు మూయిస్తే డ్యాష్‌బోర్డు వెనక మంట లేస్తుంది. తిరగని మోటారు గ్లవ్ బాక్స్ కింద మెల్లగా తడితే తిరగడం మొదలుపెట్టిందా, కార్బన్ బ్రష్‌లు అరిగాయి, అప్పుడు మోటారు మార్చాల్సిందే. టకటకమని చప్పుడు వస్తే చాలాసార్లు ఎండుటాకో, పుల్లో లోపల పడ్డట్టు. వేప చెట్టు కింద కారు పెట్టేవాళ్లకు ఇది తెలుసు.

ఫ్యాను గట్టిగా మోగుతోంది కానీ గాలి రావట్లేదంటే ఫిల్టర్, లేదంటే లోపలి కూలింగ్ కాయిల్ మీద పేరుకున్న దుమ్ము. మా ఊళ్లో ఈ రెండోదే పెద్ద గోల. ఆ కాయిల్ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. సిమెంటు పొడికి తడి తగిలితే ఏమవుతుందో మేళ్లచెరువు పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. లారీల వెనక పోయేటప్పుడు బయటి గాలి మూసి లోపలి గాలే తిప్పే బటన్ నొక్కితే చాలా దుమ్ము ఆగుతుంది. నాన్న ఇన్నేళ్లూ ఆ బటన్ "తాజా గాలి రావాలి" అని తీసే ఉంచాడు. తాజా గాలి అట, మా ఊరి రోడ్డు మీద.

గాలి బాగానే వస్తోంది, చల్లగా లేదంటే అది ఈ ఫ్యాను సమస్య కాదు. బానెట్ కింద కండెన్సర్ దగ్గర ఇంకో ఫ్యాను ఉంటుంది. బండి పోతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి వస్తుంటే ముందు దాన్ని చూడండి. "గ్యాస్ అయిపోయింది" అనే మాట ఆ తర్వాత. గ్యాస్ పెట్రోల్ కాదు, వాడితే అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, లీకు చూడకుండా నింపితే మళ్లీ సీజన్‌కు అదే పాట. ఇంకొకటి, డిజిటల్ అంకెల ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఈ రెసిస్టర్ కథ చాలావరకు పనిచేయదు. అక్కడ ఒక పవర్ మాడ్యూల్ ఉంటుంది, కొన్నింటిలో అది కరెంటును ముక్కలు ముక్కలుగా పంపి స్పీడు మారుస్తుంది, మన పవర్ ఎలక్ట్రానిక్స్‌లో చదివిన చాపరే. అలాంటి వాటిలో వేడి అంతగా వృథా కాదు, కానీ పోతే ఆరు వందలతో పోదు.

హీటర్ సంగతి చెప్పలేదని అనుకుంటారేమో. మా దగ్గర హీటర్ అంటే నాబ్ మీద ఎర్రగీత, అంతే. దాన్ని ముట్టుకున్నవాళ్లు తక్కువ. కానీ హీటర్‌కూ ఏసీకీ ఫ్యాను ఒకటే. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో హీటర్‌కు వేడి ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల నుంచే వస్తుంది, అవి డ్యాష్‌బోర్డు వెనక ఒక చిన్న రేడియేటర్ గుండా తిరుగుతాయి. ఒకసారి ఎండాకాలం హైవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంటే నాన్న ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, ఫ్యాను నాలుగు మీద పెట్టాడు. వెనక కూర్చున్నవాళ్లు పిచ్చెక్కిందా అన్నట్టు చూశారు. ఇంజిన్ వేడిని కారులోకి లాగి, ఇంజిన్ కాపాడి, ఒక హోటల్ దగ్గర నీడకు చేర్చాడు. ఇది ఎవరు నేర్పారని అడిగితే "లారీ క్లీనర్‌గా ఉన్నప్పుడు చూసిన" అన్నాడు. ఈయన కూతురు మోటారు వీక్ అంటుంది.

ఇదంతా ఒక కారు గోల అని మీరనుకోకండి. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు "నో ఏసీ" అని ఉద్యమం చేశారు, గుర్తుందా? తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ చెప్పిన లెక్క ప్రకారం ఏసీ వేస్తే కిలోమీటరుకు 16 నుంచి 18 రూపాయలు ఖర్చు, చేతికి వచ్చేది 10 నుంచి 12. అప్పుడు మనలో చాలామంది స్టేటస్‌లు పెట్టాం, డ్రైవర్లను తిడుతూ. ఆ లెక్కలో బతికే మనిషి ఒక అనవసరపు మోటారుకు ఐదు వేలు పెడితే ఎన్ని కిలోమీటర్లు వెనక్కి పోతాడో లెక్కేయండి.

ఇంకో మాట. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల లారీలకు, అంటే మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లకు, క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. కేంద్రం 2023లోనే నోటిఫై చేసింది. చాలా మంచి నిబంధన, ఎప్పుడో రావాల్సింది. మేళ్లచెరువు రోడ్డు మీద మేలో సిమెంటు లోడు కోసం లైనులో నిలబడ్డ లారీ క్యాబిన్‌లో కూర్చుని చూసినవాళ్లెవరూ దానికి అడ్డు చెప్పరు. కానీ నాకు కనిపిస్తున్నది వేరే. ఇంకొన్నేళ్లలో మా ఊరి దుమ్ములో అన్ని లారీల బ్లోయర్లు, అన్ని ఫిల్టర్లు, అన్ని కూలింగ్ కాయిల్స్ తిరుగుతాయి. అవి ఆగినప్పుడు వెతికేవాడు ఎవడు? మార్చేవాళ్లయితే దొరుకుతారు. రెండుసార్లు వేలు పోయాక డ్రైవరో, ఓనరో "ఏసీ వద్దులే" అని ఆపేస్తారు, నిబంధన కాగితం మీద చల్లగా ఉంటుంది, మనిషి మళ్లీ తడి తువ్వాలు నెత్తిన వేసుకుంటాడు. మూడు వందల ఫిల్టరు దగ్గర ఆగిపోయే ఏసీ అది.

కోదాడలో ఆ రోజు చివరికి ఏమైందంటే, రెండు వందలు నేనిచ్చాను. నా పాకెట్ మనీలోంచి, అంటే మళ్లీ నాన్నవే. నాన్న కారులో కూర్చుని ఒకటి మీద పెట్టాడు. ఫ్యాను మెల్లగా, దాదాపు చప్పుడు లేకుండా తిరిగింది. "మోటారు కొత్తది గదా, చప్పుడు లేదు" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడని నాకు తెలుసు.

కాలేజీకి వచ్చాక తప్పుల ల్యాబు గురించి మా సార్‌ను అడిగాను. "మంచి ఐడియా, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" సంగతి మీకూ తెలుసు కదా, అందుకని నేనూ నా రూమ్మేటూ కలిసి స్క్రాపు షాపులో ఒక పాత కారు బ్లోయర్ సెట్టు కొన్నాం. బ్లోయర్, రెసిస్టర్, స్విచ్, వైర్లు అన్నీ ఉన్నాయి, ఏడు వందలు. ఇప్పుడది నా మంచం కింద ఉంది. వార్డెన్ మేడమ్ రెండుసార్లు చూశారు, సౌండ్ బాక్స్ అనుకుంటున్నారు. 12 వోల్టుల బ్యాటరీ పెట్టి చూస్తే ఒకటి మీద తిరుగుతోంది, మూడు మీద, నాలుగు మీద తిరుగుతోంది. రెండు మీద మాత్రం తిరగట్లేదు. చుట్ట తెగి ఉంటే ఒకటి కూడా పోవాలి, కాబట్టి రెసిస్టర్ చుట్ట కాదు అనుకుంటున్నాం. స్విచ్ లోపలా, కప్లర్ పిన్నా, మధ్యలో వైరా అన్నది ఇంకా తేలలేదు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు శనివారం సాయంత్రం క్యాంటీన్ వెనక బల్ల దగ్గరికి రండి, అక్కడికి తెస్తాం. చూసినందుకు సమోసా మాది.